దిగితే గొర్రె పోతుంది

కొండల్లో మొదటి ఊళ్లో గొర్రె కుండలోకి వెళ్లేదాకా మా ప్రయాణంలో తప్పెక్కడుందో మాకు తెలియలేదు.

దోలోన్ కనుమ అవతల తాష్-బెల్ అనే ఊళ్లో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ఉంది. దాని బాయిలర్ పోయిన చలికాలంలో పగిలింది. పెద్దాఫీసు వాళ్లు కొత్త బాయిలర్ ఇవ్వలేదు, కాగితం ఇచ్చారు. మంచు పడేలోపు గదులు వేడెక్కకపోతే ఆసుపత్రి మూసేస్తారట, గర్భిణులు పట్నం వెళ్లాలట. నొప్పులు పడుతున్న మనిషిని జనవరిలో ఆ గడ్డకట్టిన దారిలో ఒక్కసారి తీసుకెళ్లి చూస్తే, ఆ కాగితం రాసిన చెయ్యి ఇంకో కాగితం రాయదు. అక్కడ కాన్పులు చేసే బూబుష్ మా ఉల్కాన్‌కు సొంత చెల్లెలు. ఆసుపత్రికి తాళం పడితే ఆమె పని వెతుక్కుంటూ వెళ్లిపోవాల్సిందే. ఆమె వెళ్లిపోతే ఆ చుట్టుపక్కల బిడ్డను పట్టుకునే చెయ్యి ఉండదు.

దానం అనే మాట నాకు గిట్టదు. బాయిలర్ పెట్టడం సర్కారు పని. సర్కారు చెయ్యాల్సిన పనికి జనం జేబులు దులుపుకోవడం ఏమిటి? పెద్దాఫీసు ముందు ధర్నాకు కూర్చుందాం అన్నాను. ఉల్కాన్ మొత్తం విన్నది. "కూర్చుందువుగానిలే జిపార్, ఎప్పుడూ కూర్చుంటూనే ఉంటావు. ముందు బాయిలర్ రానీ" అంది. బిష్కెక్‌లో కుట్టు కర్మాగారంలో ఏళ్ల తరబడి పక్కపక్క మిషన్ల మీద పనిచేసినవాళ్లం. ఆమె మాట తీసెయ్యడం నావల్ల కాదు.

సైకిళ్ల మీద బిష్కెక్ నుంచి తాష్-బెల్ దాకా పోదాం, దారిలో ప్రతి ఊళ్లో సాయం అడుగుదాం అన్నది ఆమె ఆలోచనే. బస్సులో వెళ్లి అడిగితే అడుక్కునేవాళ్లు అంటారు, చెమటోడ్చి వెళ్లి అడిగితే కాదనలేరు అని ఆమె లెక్క. మూడో మనిషి మెడెర్, ఉల్కాన్ పెద్దమ్మ కొడుకు. టాక్సీ నడుపుతాడు. వీధి చివర రొట్టెల కొట్టుకు కూడా కారులోనే వెళ్లే మనిషి. వాడు ఎందుకొస్తానన్నాడో వాడికే తెలియదు, పెళ్లాం నవ్విందని పంతం పట్టాడు.

వసంతమంతా తొక్కాం. పనికి వెళ్లేముందు చీకట్లో లేచి, కొండల వైపు పోయే ఎత్తు రోడ్డు మీదికి పోయేవాళ్లం. మొదటివారం మెడెర్ సైకిల్ తొక్కాడనడం కంటే సైకిల్‌ను వాకింగ్‌కు తీసుకెళ్లాడనడం న్యాయం. సీటు గుచ్చుకుంటోందని గోల పెడితే, ఇంట్లో నేల మీద పరుచుకునే బొంత ఒకటి కోసి ఉల్కాన్ ముగ్గురికీ సీటు తొడుగులు కుట్టింది. మెడెర్ తొడుగు దిండంత వచ్చింది. వాడి కొలత అంతే మరి. వేసవి వచ్చేసరికి వాడు నాకంటే ముందు కొండెక్కి, పైన కూర్చుని మమ్మల్ని వెక్కిరించే స్థితికి చేరాడు.

బయలుదేరేముందు ఉల్కాన్ దారిలోని ఊళ్లన్నిటికీ ఫోన్లు చేసింది. ఫలానా ఆసుపత్రి కోసం వస్తున్నాం, మీకు తోచింది ఇవ్వండి, మేమే స్వయంగా వచ్చి తీసుకుంటాం అని. ఆ 'స్వయంగా' దగ్గరే మా కొంప మునిగింది.

మైదానంలో ఉన్న ఊళ్లవాళ్లు మా చందా డబ్బాలో డబ్బులు వేసి పొమ్మన్నారు. బోమ్ లోయలో ఎదురుగాలి మమ్మల్ని వెనక్కి తోసింది. ఎంత తొక్కినా పక్కన చెట్లు వెనక్కి పోవడం లేదు. మెడెర్ గాలిని తల్లి దగ్గర్నుంచి ముత్తాత దాకా తిట్టాడు. అది దాటి పై ఊళ్లకు చేరాం. అక్కడ డబ్బులుండవు, గొర్రెలుంటాయి. ఇచ్చిన గొర్రెల్ని ఎక్కించుకోవడానికి మెడెర్ బావమరిది ఎసెన్ లారీ వేసుకుని వెనక వస్తున్నాడు.

అక్కడి మొదటి ఊరి పెద్దలు మంచి బలిసిన గొర్రెను తీసుకొచ్చి మా ముందు నిలబెట్టి, చేతులు చాచి ఆశీర్వాదం అడిగారు. దానం అప్పగిస్తున్నారు కాబోలనుకుని మెడెర్ అరచేతులు పైకెత్తి, ఊరు చల్లగా ఉండాలని బారెడు ఆశీర్వాదం చదివి, ముగింపుగా మొహం తడుముకున్నాడు. మేమూ తడుముకున్నాం. గొర్రెను ఇంటి వెనక్కి తీసుకెళ్లారు. ఎసెన్ లారీ తలుపు తెరిచి నిలబడే ఉన్నాడు. కాసేపటికి వెనక నుంచి పొగ లేచింది. మెడెర్ చదివింది కోసేముందు చదివే ఆశీర్వాదమని అప్పుడు తెలిసింది.

నూరు మైళ్లు తొక్కొచ్చిన అతిథులకు గొర్రెను కోయకపోతే ఊరి పరువేం కావాలి? ఆ ఊరు ఆసుపత్రికని తీసిపెట్టిన గొర్రె అదొక్కటే. దాన్ని మాకే పెట్టారు. మర్యాద లెక్కన మెడెర్‌కు తలకాయ, ఉల్కాన్‌కు తుంటి, నాకు తొడ. తినకపోతే వాళ్లకు అవమానం, తింటే బాయిలర్ పోయినట్టే. రెండో ఊళ్లోనూ ఇదే జరిగింది. అక్కడ నేను గట్టిగానే చెప్పాను, మాకు చాయ్, రొట్టె చాలు అని. ఇంటావిడ నా మొహం చూసి, మా ఇంటి మాంసం నీకు పనికిరాదా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సమ్మెల్లో పోలీసులను ఎదిరించినదాన్ని, ఆ కన్నీళ్లు చూసి మాంసం ముక్క అందుకున్నాను. తిన్నాను.

ఊరు దాటాక రోడ్డు పక్కన కూలబడ్డాం. లారీ ఖాళీగా ఉంది, మా పొట్టలు నిండి ఉన్నాయి. ఉల్కాన్ ఏడ్చేలా ఉంది. చెల్లెలి ఆసుపత్రిని మనమే ఊరూరా కూర్చుని తినేస్తున్నాం అంది. మెడెర్ మాత్రం త్రేన్చాడు.

అప్పుడు ఉల్కాన్‌కు వాళ్ల తాత సంగతి గుర్తొచ్చింది. ఆయన గుర్రం మీద కబుర్లు మోసేవాడట. కబురు మోసేవాడు గుర్రం దిగడు. దిగనివాణ్ని దిగమని అడగకూడదు. జీను మీదికే రొట్టె ముక్క అందిస్తారు, అది కొరికితే మర్యాద తీరినట్టే. కాలు నేల మీద పెట్టినవాడే అతిథి, వాడికే గొర్రె.

"అయితే దిగం" అన్నాను.

"అక్కా, గుర్రం నిలబడుతుంది. సైకిల్ నిలబడదు" అన్నాడు మెడెర్.

"నిలబడకపోతే తిరుగు."

ఆ సాయంత్రమంతా ఒక ఖాళీ మైదానంలో, నడిచే మనిషి కంటే నెమ్మదిగా గుండ్రంగా తిరగడం సాధన చేశాం. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో రొట్టె. ఎసెన్ మధ్యలో నిలబడి ఊరి పెద్దలా గిన్నె చాచేవాడు. మెడెర్ పడినప్పుడల్లా, ఇంకో గొర్రె పోయింది అని ఎసెన్ కేకేసేవాడు.

తర్వాతి ఊరిని ఇప్పుడు తలచుకున్నా నాకు నవ్వాగదు. జనం రోడ్డు మీద గుమిగూడారు. మేం వాళ్ల చుట్టూ తిరుగుతున్నాం. ఊరి పెద్ద మాతోపాటు తిరుగుతూ మాట్లాడి, తల తిరిగి గోడ పట్టుకున్నాడు. పులిసిన గుర్రపు పాలు గిన్నెతో అందిస్తే మెడెర్ తిరుగుతూనే గటగటా తాగి, గిన్నె ఇంకో చుట్టులో తిరిగిచ్చాడు. ముసలివాళ్లకు విషయం వెంటనే అర్థమైంది. వీళ్లు కబురు మోసేవాళ్లు, ఆపకండి అన్నారు. గొర్రె లారీ ఎక్కింది. ఆ ఊళ్లో, ఆ పై ఊళ్లో, కనుమ వైపు మలుపు దాకా ప్రతి ఊళ్లో గొర్రెలు లారీ ఎక్కుతూనే ఉన్నాయి.

కనుమ కింద చివరి ఊరు మిగిలింది. ఆ ఊరు వీధులన్నీ కలిసి ఒక లేత ఎర్ర ఆడగుర్రాన్ని ఇస్తున్నాయని ఎసెన్ ముందే కబురు తెచ్చాడు. అది దక్కితే బాయిలర్ వచ్చినట్టే. దక్కకపోతే, ఇన్ని గొర్రెలు అమ్మినా వచ్చే డబ్బు పైపులకే సరి.

ఆ ఊరి నిండా వాలు. తిరగడానికి చదును లేదు. ఊరి పెద్ద సగీన్ తాత గుర్రం పగ్గం పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. నేను, ఉల్కాన్ ఎలాగో ఒక చుట్టు తిరిగాం. మెడెర్ రొట్టె అందుకోబోయాడు. ముందు చక్రం గాడిలో పడింది. మనిషి సైకిల్ మీంచి లేచి కంకర మీద బోర్లా పడ్డాడు.

అందరూ పరుగెత్తారు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మోకాలు మాత్రం చీరుకుపోయింది. సగీన్ తాత వాణ్ని లేపి కూర్చోబెట్టాడు. తర్వాత గంభీరంగా జనం వైపు తిరిగాడు. అతిథి కాలు నేల మీద పడింది, అదొకటి. చావు తప్పించుకున్న మనిషి పేరిట రక్తం చిందించాలి, అదొకటి. రెండు కారణాలకు, ఇంతమంది జనానికి గొర్రె ఏం సరిపోతుంది? ఆయన గుర్రం మెడ నిమిరాడు.

నేను సైకిల్ పడేసి ముందుకెళ్లాను.

"తాతా, ఆ గుర్రం మీది కాదు. బూబుష్‌ది. ఇచ్చేశామని మీరే చెప్పి పంపారు. ఆమె గుర్రాన్ని ఆమె లేనప్పుడు ఎలా కోస్తారు?"

"పగ్గం చేతికిస్తేనే ఇచ్చినట్టు, అమ్మాయ్. పగ్గం ఇంకా నా చేతిలోనే ఉంది" అన్నాడు ఆయన, కోపం లేకుండా. "మనిషి పడి లేచాడు. రక్తం చిందించకుండా పంపితే రేపు ఆ కనుమ మీద వాడికేమన్నా అయితే పాపం నాది."

ఆయన అన్నది మర్యాదే. ఆఫీసరు మొండితనం అయితే నేను విరిచేదాన్ని. మర్యాదను ఎలా విరుస్తాను?

కింద కూర్చున్న మెడెర్ లాగు పైకి లాగి, కాలు చాచి చూపించాడు.

"తాతా, రక్తం కారాలి, అంతేగా. ఇదిగో, కారుతూనే ఉంది. ఇది చాలదంటే రెండో మోకాలు కూడా గీకుతాను. గుర్రాన్ని మాత్రం వదిలెయ్."

సగీన్ తాత వంగి ఆ మోకాలును చాలాసేపు చూశాడు. నేల మీద పడిన చుక్కలను చూశాడు. ముందు ఆయన గడ్డం కదిలింది, తర్వాత భుజాలు. నవ్వుతూ నవ్వుతూ అక్కడే మెడెర్ పక్కన కూర్చుండిపోయాడు. వాడి అరచేయి తెరిచి, పగ్గం అందులో పెట్టి, వేళ్లు మూశాడు.

"ఎక్కువే కారింది. మిగిలింది ఉంచుకో" అన్నాడు.

మాకు ఉడికించిన బంగాళదుంపలు పెట్టారు. అంత రుచైన భోజనం దారంతా తినలేదు.

మోకాలు వాచింది, మెడెర్ తొక్కలేడు. గొర్రెల లారీలో గుర్రానికి చోటు లేదు. అందుకని కనుమ వాడు గుర్రం మీద ఎక్కాడు, మేం సైకిళ్ల మీద. ఇది సైకిల్ యాత్ర కాదు మోసం అని ఉల్కాన్ రొప్పుతూ తిట్టింది. వాడు పైనుంచి మా ఇద్దరికీ గేర్లు ఎలా మార్చాలో చెబుతూ వచ్చాడు.

బాయిలర్ మంచు కంటే ముందే వచ్చింది. దాన్ని ప్రారంభించడానికి మాత్రం మంచు పడ్డాక పెద్దాఫీసు నుంచి కత్తెర, రిబ్బను, ఫోటోగ్రాఫరుతో సహా ఒకాయన రానే వచ్చాడు. నేను వాళ్లతో పోట్లాడదామని బిష్కెక్ నుంచి బస్సెక్కి వెళ్లాను. అవసరం పడలేదు. బూబుష్ తలుపు సందులోంచి తల బయటపెట్టి, లోపల కాన్పు జరుగుతోంది, ఎవరూ రాకూడదు అని గడియ వేసుకుంది. పెద్దాయన కత్తెర పట్టుకుని మంచులో నిలబడ్డాడు. బిడ్డ తొందరపడలేదు.