మ్యూరియల్ గారి రాతిగోడ

అన్యాయం జరిగింది ఎవరికి? మ్యూరియల్ ఓల్డ్‌రాయిడ్ అనే వితంతువుకు. ఎలా జరిగింది? స్కార్‌బెక్ ఊరి వాలులో ఆవిడ ఇంటిముందున్న రాతిగోడను, రోడ్డు వెడల్పు పేరిట, రోడ్లు చూసే కౌంటీ కౌన్సిల్ కూల్చింది. తిరిగి కట్టిస్తానని, ఊరి పనులు చూసే జిల్లా కౌన్సిల్ మాట ఇచ్చింది. ఏళ్ళు గడిచినా గోడ లేవలేదు. ఏటా నవంబరు వానలకు రోడ్డు మీది నీరంతా ఆవిడ వంటింట్లోకి వచ్చి తిష్ఠ వేస్తోంది.

కౌంటీ ఇంజనీరు క్లైవ్ ప్రెంటిస్ మర్యాదస్థుడు. "కూల్చడం వరకే మా పనమ్మా. కట్టడం వాళ్ళది" అనేవాడు.

జిల్లా అధికారి డెనిస్ హాగ్ అంతకంటే మర్యాదస్థుడు. "కట్టేవాళ్ళమేనండీ, వాళ్ళు రాళ్ళు అప్పగిస్తే కదా!"

అంతలో ప్రభుత్వం రెండు కౌన్సిళ్ళనూ రద్దుచేసి, వాటి స్థానంలో ఒకే కౌన్సిల్‌ను నిలిపింది. కొత్త కౌన్సిల్ ముద్రపై నీటిపిల్లి ఉండాలా, కొంగ ఉండాలా అన్న చర్చకు వేసవి సరిపోయింది. పాత మేయరు హోదాకు గుర్తుగా వేసుకునే బంగారు గొలుసుకు ఇప్పుడు మెడ లేకుండా పోయిందని, దానికోసమే ఒక సంఘాన్ని నియమించారు. 'ఇక అన్నిటికీ ఒకటే తలుపు' అని ఇంటింటికీ కరపత్రాలు పంచారు.

మ్యూరియల్ ఆ తలుపు తట్టింది. లోపల ప్రెంటిస్, హాగ్ ఒకే గదిలో వీపుకు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఆ పని వాళ్ళదమ్మా" అంటూ ప్రెంటిస్ బొటనవేలితో వెనక్కి చూపాడు.

"వాళ్ళు రాళ్ళిస్తేనేనండీ" అన్నాడు హాగ్, తల తిప్పకుండానే.

కొత్త కౌన్సిల్ తొలి సమావేశంలో, ఆనవాయితీ ప్రకారం, పౌరుల ప్రశ్నలే ముందు. మ్యూరియల్ తన ప్రశ్న అడిగింది.

"లిఖితపూర్వకంగా జవాబు పంపుతామండీ" అంది అధ్యక్షురాలు గిలియన్ థ్రెల్‌ఫాల్. తరువాతి అంశం సభ్యుల భత్యాలు. గిలియన్ చూపు అప్పటికే దాని మీదుంది.

"ఎవరు పంపుతారు?"

"సంబంధిత శాఖ వాళ్ళు."

"ఇన్నేళ్ళూ ఆ 'వాళ్ళ' పేరు వింటూనే ఉన్నానమ్మా. ఒక్కసారి లేచి నిలబడమనండి. మొహం చూసి వెళ్ళిపోతాను."

ప్రెంటిస్ హాగ్ వంక చూశాడు. హాగ్ ప్రెంటిస్ వంక చూశాడు.

"ఎవరికోసం చూస్తున్నావురా డెనిస్? ఆ 'వాళ్ళు' కూడా నువ్వేగా ఇప్పుడు!" అని వెనక బల్లల నుంచి మాంసం కొట్టు ఆల్బర్ట్ అరిచాడు. సభంతా గొల్లున నవ్వింది.

మ్యూరియల్ నవ్వలేదు, కూర్చోలేదు. ఆవిడ కూర్చుంటే తప్ప భత్యాల మాట ఎత్తడానికి వీల్లేదు.

"ఇద్దరూ లేవండి!" అంది గిలియన్, పళ్ళు బిగించి. "గోడ మనమే కట్టాలి. ఇంకోసారి వాళ్ళూ వీళ్ళూ అన్నారంటే ఊరుకోను."

మరునాడే హాగ్ మ్యూరియల్ ఇంటికి చెక్క కంచె బొమ్మ గీసి పట్టుకొచ్చాడు. "చూడ్డానికి ముచ్చటగా ఉంటుందండీ."

"మీరు పట్టుకెళ్ళింది రాయి నాయనా. చెక్క కాదు."

అప్పుడు వెంట వచ్చిన ప్రెంటిస్ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ రాళ్ళు ఇన్నాళ్ళూ పాత కౌంటీ కార్యాలయం ముంగిట గులాబీ మళ్ళకు గట్టుగా అందంగా అమరి ఉన్నాయట.

గులాబీలను తవ్వించారు. రాళ్ళు వచ్చాయి. తాపీవాళ్ళు పేర్చినన్నాళ్ళూ మ్యూరియల్ గొడుగు వేసుకుని గుమ్మంలోనే నిలబడింది. చివరకు ఒక రాయి మిగిలింది.

"ఉంచుకోండమ్మా, పూలకుండీ కింద పెట్టుకోవచ్చు" అన్నాడు హాగ్.

"ఇది నా గోడది కాదు. తీసుకెళ్ళు."

నవంబరు వాన వచ్చింది. వాలు వెంట దూకిన నీరు గోడను తాకి, పక్కకు తిరిగి, కాలువలో పడింది. మ్యూరియల్ చెప్పులు విడిచి, పొడి వంటింటి నేల మీద నిలబడింది. స్కార్‌బెక్ ఆవిడకు పడ్డ బాకీ ఆ రోజుతో పూర్తిగా తీరింది.