ఊరికే వచ్చినదాని గతి

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. లైబ్రరీలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఎవరింటికి వెళ్లిందో చెప్పడం నా పని. నన్ను కన్నవాళ్లు లెక్కలేనంతమంది. ఏయే దేశాల్లోనో కూర్చుని తలా కొంచెం రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, నలుగురికీ పంచండి అని వదిలేశారు. అదే నా కొంప ముంచింది. ఊరికే వచ్చినదాన్ని, ప్రసాదమైతే తప్ప, మనుషులు కళ్లకద్దుకోరు.

పెద్దపల్లి దగ్గర ఒక డిగ్రీ కాలేజీకి నన్ను తెచ్చింది లైబ్రేరియన్ సుగుణ మేడమ్. ఇంగ్లీషు చూసి బెదిరే పిల్లలు తమంతట తామే వెతుక్కోవాలని, సెలవులన్నీ ధారపోసి నాకు తెలుగు నేర్పింది. అడిగిన పుస్తకం లేకపోతే, నాలుగు రోజులు ఆగమని ఆమె యాసలోనే ఇలా చెప్పేదాన్ని: "ఎవరో చదువుతున్నారు. నాలుగొద్దులాగి రా బిడ్డా." ఆ తెలుగంతా ఆమె నన్ను రాసినవాళ్లకూ పంపింది, నన్ను తీసుకున్న ప్రతివాళ్లకూ అది అందేలా. మాలో అది ఆచారం. నేర్పినది దాచుకోకూడదు.

కరస్పాండెంట్ భూంరెడ్డిగారు మాత్రం నన్ను అనుమానంగా చూశారు.

"దీని ఓనరెవలు?"

"ఎవలు లేరు సార్. అందరిది."

"అందరిదంటే ఎవలిది కానట్టే గదా! రేపు ఖరాబైతే ఎవల గల్లా పట్టుకోవాలె?"

పైగా ప్రారంభోత్సవం చేద్దామంటే శాలువా కప్పించుకోవడానికి మనిషి లేడు. అంతకంటే పెద్ద లోపం ఏముంటుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని తేల్చి, ఒక కంపెనీ సరుకు కొన్నారు.

"మరి మన తెలుగు ఉంటదా సార్?" అంది మేడమ్.

"కంపెనీ దాంట్ల ఏదుంటే అదే."

నన్ను తుడిచేసిన రోజు ఆమె అన్నం తినలేదు. నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే ఆ సౌకర్యం నాకు లేదు.

ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ తెగింది. ఒక అమ్మాయి పుస్తకం పేరు కొట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఎవరో చదువుతున్నారు. నాలుగొద్దులాగి రా బిడ్డా."

నేనే! ముఖానికి నీలం రంగు, నుదుట కంపెనీ పేరు, లోపల నేనే. మేడమ్ నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సూసిండ్రా!" భూంరెడ్డిగారు పొంగిపోయారు. "పైసలు పెడితే తెలుగు సుత మాట్లాడుతది!"

శాలువా కంపెనీ మనిషికి కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మాత్రం సుగుణ మేడమ్. ఆ అమ్మాయి అప్పటికే ఇంకో పుస్తకం పేరు కొడుతోంది, ఎవరినీ అడగకుండా.