మోగిందని రాసి ఉంది

కోడలికి తన పనిమీద ఉన్నంత నమ్మకం దేవుడిమీద కూడా లేదు. దేవుడు తాను చేసినదానికి చిట్టా రాసిపెట్టడు. ఆమె రాసే యాప్ రాసిపెడుతుంది.

కంటి ఆపరేషన్ అయినవాళ్ళకి చుక్కల మందు వేళ గుర్తుచేసే యాప్ అది. వేళకి ఫోన్‌లో గంట కొట్టిస్తుంది, కొట్టించగానే "మోగింది" అని టైముతో సహా రాసుకుంటుంది. లోకంలో ఫోన్లు రెండు రకాలు, ఆ రెండిటికీ కలిపి యాప్ ఒక్కటే. గంట కొట్టే తీరు మాత్రం ఏ రకానికి ఆ రకమే. అందుకని కోడలు ఆఫీసులో ఒక కట్టడి పెట్టింది. యాప్‌లో ఏ భాగమూ తనకు కావలసింది తానే తయారుచేసుకోకూడదు, అడిగి పుచ్చుకోవాలి. ఎవరికి ఏమివ్వాలో ఒకే ఒక్క జాబితాలో రాసి ఉంటుంది. వంటవాడు నీళ్ళకోసం బావి తవ్వుకోడు కదా, తెచ్చిపెట్టిన నీళ్ళతో వండుతాడు. ఈ పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. సూదికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

అత్తగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు కోడలు ఆ యాప్‌నే ఆవిడ ఫోన్‌లో పెట్టింది. "గడియారంతో మీకేం పనిలేదు అత్తయ్యా, గంట మోగినప్పుడు వేసుకోండి చాలు," అంది. అత్తగారు ముప్పయ్యేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. పెళ్ళికార్డు చేతికిస్తే ఆవిడకి వధూవరుల పేర్లకంటే ముందు తప్పులు కనబడేవి. అలాంటి మనిషి కోడలి మాటకి సరేనంది.

మొదటివారం కొడుకు సెలవు పెట్టి, గడియారం చూసుకుని తానే చుక్కలు వేశాడు. సోమవారంనుంచి భార్యాభర్తలిద్దరూ తొమ్మిదింటికల్లా ఆఫీసులకి వెళ్ళిపోయారు. పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి వేసుకోవలసిన మందు భారం ఫోన్‌మీద పడింది. శనివారానికి కన్ను చింతనిప్పయింది.

చుక్కలు సరిగ్గా పడటం లేదన్నాడు డాక్టరు. గంట మోగలేదనీ, గుర్తొచ్చినప్పుడల్లా వేసుకున్నాననీ చెప్పింది అత్తగారు. కోడలు ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. ఐదు రోజులూ, మూడు వేళలూ, మోగింది, మోగింది, మోగింది.

"మోగింది అత్తయ్యా. మీరే మర్చిపోయుంటారు," అంది మెత్తగా.

కసిరినా బాగుండేది, ఆవిడకి తిరగబడటానికి వీలుండేది. డాక్టరు తలూపాడు. కొడుకు తల్లివైపు జాలిగా చూశాడు.

కన్ను నెమ్మదిగా తేరుకుంది. మనిషే తేరుకోలేదు. పొయ్యి ఆర్పానా అని రెండుసార్లు అడిగేది, తాళం వేసిన తలుపు మళ్ళీ లాగి చూసేది. పేపర్లో తప్పులు దిద్దడం మానేసింది. కొడుకు రోజూ గంటవేళ దాటిన పావుగంటకి ఫోన్ చేసి, చంటిపిల్లనడిగినట్టు, వేసుకున్నావా అమ్మా అని అడిగేవాడు. వయసు మీదపడింది పాపం అని మొగుడూ పెళ్ళాలు తమలో తాము అనుకున్నారు.

రెండు వారాలు గడిచాక, ఒకరోజు పొద్దున్న కోడలు హడావుడిగా క్యారేజీ సర్దుకుంటుంటే అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చెవుల డాక్టరెవరైనా తెలుసా నీకు?"

"చెవులకేమైంది?"

"నిన్న నాలుగింటికి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా. నా కళ్ళముందే మోగిందని రాసింది. నాకేం వినబడలేదు. అబ్బాయి ఫోన్ చేస్తే వినబడుతుంది, ఈ గంటే వినబడటం లేదు. వయసొస్తే కొన్ని చప్పుళ్ళు వినబడకుండా పోతాయట కదా."

కోడలి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. ముసలావిడ తన తెలివినీ, చెవుల్నీ కూడా అనుమానించుకుంది గానీ కోడలి యాప్‌ని అనుమానించలేదు. ఆ అనుమానం ఇప్పుడు కోడలికే పట్టుకుంది.

ఆఫీసుకి వెళ్ళీ వెళ్ళగానే జాబితా తెరిచింది. మొదటి రకం ఫోన్‌కి అసలు గంట. ఆఫీసులో అందరి చేతుల్లోనూ ఆ రకమే ఉంది కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అత్తగారిది రెండో రకం. ఆ వరసలో ఉన్నది ఉత్తుత్తి గంట. యాప్‌ని పరీక్షించి చూడటంకోసం కోడలే రాసుకున్నది. మోగమంటే మోగదు, బుద్ధిగా "మోగింది" అని మాత్రం రాస్తుంది. ఆనాటికి అసలుది తయారుకాక, పని ఆగకూడదని దాన్ని పెట్టింది. పక్కనే తన మాటల్లోనే ఉంది: తర్వాత మార్చాలి. ఇచ్చింది అసలుదో నకిలీదో అడగకపోవడమే ఆ పద్ధతిలో గొప్ప అని ఎంతమందికి పాఠం చెప్పిందో.

అసలుది ఎప్పుడో తయారై ఉంది, మార్చడానికి అరనిమిషం పట్టింది. మేనేజరు విని, చిన్న సవరణలు అని రాసి కొత్త యాప్ పంపేద్దాం, ఊరంతా చాటడమెందుకన్నాడు.

"ఆ రకం ఫోన్లున్న రోగులందరి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు, మీరే మర్చిపోయారు అని ఉంటారు సార్," అంది కోడలు.

ఆయన, సరే, ఉన్నదున్నట్టే రాయమన్నాడు. మధ్యాహ్నానికి, ఆ రకం ఫోన్లలో గంట ఎన్నడూ మోగలేదని ఆస్పత్రికీ, రోగులకీ ఉత్తరం వెళ్ళింది.

మేనేజరుకి చెప్పడం తేలికే. బస్సులో వస్తూ కోడలు మాటలు కూర్చుకుంది: యాప్‌లో చిన్న పొరపాటు జరిగింది అత్తయ్యా. జరిగిందట, దానంతటదే! ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆ వాక్యం తనకే సిగ్గుగా తోచింది. చెప్పులు విడిచి తిన్నగా వెళ్ళి అత్తగారి ఎదుట కూర్చుంది.

"గంట మోగలేదు అత్తయ్యా. ఒక్కసారి కూడా మోగలేదు. నేను పెట్టింది ఉత్తుత్తి గంట. మీరు మర్చిపోలేదు. తప్పు నాది."

అత్తగారు తిట్టలేదు. తిడితే బాగుండునని కోడలికి అనిపించింది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

చెప్పింది.

అత్తగారు ఫోన్ తీసి, పేరు వెతక్కుండా, కంఠతా ఉన్న కొడుకు నంబరు పది అంకెలూ వరసగా నొక్కింది. "ఒరే, నీ పెళ్ళాం ఏదో చెబుతుంది, విను," అని ఫోన్ కోడలి నోటిదగ్గర పెట్టింది. కోడలు మూడోసారి చెప్పింది. అవతల కొడుకు అమ్మా అని ఏదో అనబోయాడు. ఆవిడ ఫోన్ కట్టేసి, కొంగుతో బాగున్న కన్నూ, బాగుపడుతున్న కన్నూ రెండూ తుడుచుకుంది.

"ఆ కంటి డాక్టరు నంబరు ఉందా నీ దగ్గర?" అంది.