విడుపు లేని పథ్యం

కాచిన పాల మీద మీగడ ఒకసారి తీసేసి, చల్లారాక మళ్లీ కట్టిన పొరను కూడా రుక్సానా గిన్నె అంచుకు చుట్టి తీసేస్తుంటే, బాబ్జాన్ గడప మీద కూర్చుని ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఉదయగిరి కొండ ఇంకా చీకట్లోనే ఉంది. ఆత్మకూరుకి మొదటి బస్సు నడిపేది ఆయనే.

ఒకప్పుడు ఆ మనిషి పొట్ట స్టీరింగుకి ఆనేది. ఇప్పుడు చూడండి, బెల్టుకి ఉన్న చిల్లులు చాలక మేకుతో ఇంకా లోపలికి కొత్తవి పొడిచాడు. చెంపలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చర్మం వదులై, చొక్కా కాలరు ఇంకెవరిదో అన్నట్టుంది. జేబులో బీడీకట్ట ఉండే చోట ఇప్పుడు బొరుగుల పొట్లం. ఆకలైనప్పుడు గుప్పెడు, మళ్లీ కాసేపటికి గుప్పెడు. కడుపు నిండా ఒక్కసారే తినకూడదు కదా.

రుక్సానా టిఫిన్ డబ్బాలో ఇడ్లీలు సర్దింది. కొబ్బరి చట్నీ లేదు. పెసరపప్పు కట్టు మాత్రం ఉంది.

"అత్త రాత్రి ఫోన్ చేసింది. తలకాయ కూర తెస్తాదంట ఈరోజు," అంది.

బాబ్జాన్ వంగి చెప్పుల పట్టీ బిగించుకున్నాడు.

"ఈరోజన్నా చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వచ్చి చెప్తా. మూడోసారి వస్తే నా చేతుల్లో లేదని డాక్టరు నీ ముందరే గదా చెప్పినాడు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొదటిసారి వచ్చింది మాత్రం ఆయన చేతులారా తెచ్చుకున్నదే. డ్యూటీ దిగాక నలుగురితో కలిసి మందు, దానికి తోడు వేయించిన కోడి. అలా ఏళ్లు గడిచాయి. ఒకనాడు బొడ్డు పైన మొదలైన నొప్పి గునపంలా వీపులోకి దిగింది. గ్యాసేమో అని సోడా తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి నెల్లూరు ఆస్పత్రిలో తేలాడు. పొట్ట వెనకాల, వీపుకి ఆనుకుని క్లోమం అని ఒక గ్రంథి ఉంటుందట, అది వాచింది. మందు, బీడీ, వేపుళ్లు, కొవ్వు మాంసం, అన్నీ బందు అన్నారు. ఆ రోజు మానినవాడు మళ్లీ సీసా ముట్టలేదు, అది మాత్రం నిజం.

రెండోసారి వచ్చినదే ఎవరికీ చెప్పుకోలేనిది. తల్లి షరీఫా ఆత్మకూరులో కూతురు సబీనా ఇంట్లో ఉంటుంది. మధ్యాహ్నం కొడుకు బస్సు వచ్చే వేళకి డబ్బా పట్టుకుని స్టాండుకి రావడం ఆమెకి నమాజంత నియమం. కామెర్లకి పసరు తాగినా, ఎముక విరిగి కట్టు కట్టించుకున్నా పథ్యం ఉంటుంది. గడువు తీరాక ఒళ్లంతా నూనె పట్టించి, తలంటి, మాంసం పెట్టి పథ్యం విడిపిస్తారు. ఆమె ఎరిగిన పథ్యం అదే. కొడుకు చిక్కిపోయాడు, గడువు తీరే ఉంటుందనుకుని ఒకరోజు మేక కాళ్లతో పాయా వండి తెచ్చింది. తల్లి ఎదురుగా కూర్చుంటే కాదనలేక గిన్నె ఖాళీ చేశాడు. ఆ రాత్రే అంబులెన్సు. తల్లికి మాత్రం స్పెషల్ బస్సు మీద తిరుపతి పోయినాడని చెప్పారు.

అందుకే ఆ పొద్దున స్టీరింగు బరువుగా ఉంది. మిట్టలు, జామాయిల్ తోటలు, రోడ్డుకి అడ్డంగా గొర్రెల మందలు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. చెప్పాల్సిన మాట మాత్రం సీటు పట్టుకుని లోపలే కూర్చుంది.

మధ్యాహ్నం ట్రిప్పుకి ఆత్మకూరు స్టాండు ఎదురుగా హోటలు కొండలయ్య చెయ్యి ఊపాడు.

"ఏంది బాబ్జాన్ భాయ్, ఈరోజన్నా మా అన్నం తింటావా, ఆ చిలకల మేతేనా?"

"మేతే లేవయ్యా," అని సిమెంటు బల్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. షరీఫా అప్పటికే అక్కడుంది. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి అమ్మకానికి కర్ర చెంచాలు చెక్కీ చెక్కీ కుడిచేతి చూపుడువేలు పక్కకి తిరిగిపోయింది. డబ్బా మూత తీసింది. మసాలా వాసన స్టాండంతా తిరిగింది. పైన ఎర్రటి నూనె.

"తినరా. ఎన్నాళ్లు చేస్తావు పథ్యం? దీనికి విడుపు ఎప్పుడు?"

"దీనికి విడుపు లేదమ్మీ."

"విడుపు లేని పథ్యం ఏడన్నా ఉంటాదంట్రా?"

"ఉండాది. బతికినన్నాళ్లూ ఇంతే." తలెత్తకుండా మిగిలింది కూడా చెప్పేశాడు. "ఆ పొద్దు నేను తిరుపతి పోలేదు. పాయా తిన్న రాత్రే ఆస్పత్రిలో చేర్చినారు."

షరీఫా డబ్బాను తన వైపుకి లాక్కుంది.

"అంటే నా చేతి ముద్దే నిన్ను మంచాన ఏసింది."

"నీ ముద్ద కాదమ్మీ. నేను తాగిన తాగుడే సగం."

"మిగతా సగం నాదేగా." డబ్బా మూత పెట్టింది. "నన్ను ఇన్నాళ్లు పిచ్చిదాన్ని చేసినారు మొగుడూ పెళ్లాలు."

బాబ్జాన్ బొరుగుల పొట్లం విప్పి, తినకుండా మళ్లీ మడిచాడు.

"నూనె అసలు తగలకూడదా?" అంది షరీఫా.

"రోజు మొత్తానికీ ఒక చిన్న చెంచాడు పొయ్యొచ్చంట."

"చిన్నదంటే ఎంతరా? చెంచాలు చెక్కి మిమ్మల్ని సాకినదాన్ని, చిన్న చెంచాలే నాకు పది రకాలు తెలుసు."

బాబ్జాన్ బొటనవేలు చూపించాడు. "ఈ గోరంత."

ఆమె ఆ వేలు పట్టుకుని, తన వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది. లేచింది. పోతూ పోతూ కొండలయ్య బల్ల మీద డబ్బా పెట్టి, "నువ్వు తినరా, నీ కడుపు ఇనుము," అని వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

సాయంత్రం ట్రిప్పుకి ఆమె ఎప్పుడూ రాదు. ఆ రోజు బస్సు కదలబోతుంటే డ్రైవరు కిటికీ కింద ఒక చెయ్యి లేచింది. చేతిరుమాలులో, నర్ది అనే అడవి చెట్టు కర్రతో అప్పుడే చెక్కిన ఒక చెంచా. తొలిచిన గుంట గోరంతే ఉంది. బొటనవేలు పెట్టి చూశాడు, సరిగ్గా పట్టింది.

"దీంతో తప్ప పొయ్యొద్దని రుక్సానాకి చెప్పు. రేపు సొరకాయ వండి తెస్తా. నేనూ నీతో అదే తింటా."

"నీకెందుకమ్మీ చప్పిడి తిండి?"

"ఒక్కడివే తింటాంటే పథ్యం. ఇద్దరం తింటే అన్నం." వెనక బస్సు హారన్ కొట్టింది. "పో పో, తిడతాండారు."

తెల్లవారుజామున సబీనా ఫోన్ చేసింది. అమ్మ రాత్రి పడుకున్నది పడుకున్నట్టే ఉందంది.

మూడోనాడు సమాధి దగ్గర దువా చేసే జియారత్‌కి చుట్టాలు వచ్చారు. బిర్యానీ దించారు. అమ్మ పేరు మీద ఒక్క ముద్ద, ఏమీ కాదులే అని మేనమామ పళ్లెం ముందుకు జరిపాడు. బాబ్జాన్ చేతులు జోడించి పళ్లెం వెనక్కి జరిపాడు. సబీనా లోపలికి పోయి, తల్లి తెచ్చి పెట్టుకున్న సొరకాయను ఉప్పేసి ఉడికించి తెచ్చింది. తనూ పక్కన కూర్చుని అదే కలుపుకుంది.

ఉదయగిరిలో ఆ చెంచా నూనె సీసా పక్కన మేకుకి వేలాడుతోంది. గుంట నూనె తాగి నల్లబడింది. కాడ మీద మాత్రం ఉలి గాట్లు గరుకుగా అట్లాగే ఉన్నాయి, నునుపు చెయ్యడానికి ఆమెకి ఆ సాయంత్రం పొద్దు చాలలేదు.