రాతి మీద వదిలిన చోటు

మత్తుకు అలవాటు చేసే నొప్పి మాత్రలమ్మి ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసిన కంపెనీలు కోర్టులో ఓడి కట్టిన సొమ్ము చివరికి కౌంటీకి, అంటే ఆ జిల్లాకి, వచ్చింది. అందులోంచి వెర్నా అడిగింది ఒక్కటే, ఒక వ్యాను. కొండ అవతలి క్లినిక్కులో రోజూ పొద్దున్నే ఆ మత్తు యావను అణిచే మందు వేసుకుంటేనే ఆమె కూతురు కెండ్రా ఆ మాత్రల జోలికి పోకుండా ఉంటోంది. పిల్ల డ్రైవింగ్ లైసెన్సు పోయింది. కొండ దాటే బస్సు లేదు. వెర్నా డొక్కు కారు నేడో రేపో అన్నట్టుంది. కొడుకు డారెల్‌ని ఆ మాత్రలే పొట్టన పెట్టుకున్నాయి, మిగిలింది ఈ పిల్లే.

కౌంటీ పెద్ద హోబర్ట్ చిన్నప్పుడు చర్చిలో వెర్నా దగ్గర బైబిలు పాఠాలు చదువుకున్నవాడే. ఆ సొమ్ము దేనికి వాడాలో తేల్చే సభను ప్రార్థనతో మొదలుపెట్టి, అందరినీ ఏడిపించి, తీరా తేల్చిందేమిటయ్యా అంటే, కోర్టు ముందు పచ్చికలో, ఆ మాత్రల వల్ల పోయినవాళ్ల పేర్లతో ఒక నల్లరాయి! వ్యాను మాటెత్తితే, మత్తు మానడానికి ఇంకో మత్తా అని ఒకాయన మూతి విరిచాడు. వ్యానుకు సొమ్ము చాలదన్నారు.

"డారెల్ పేరు అందరికన్నా పైన చెక్కిస్తాను వెర్నక్కా, సరేనా?" అన్నాడు హోబర్ట్.

కొడుకు పేరు వద్దని ఏ తల్లి అంటుంది? పిచ్చిది, తలూపేసింది.

చలికాలంలో కారు మూలపడింది. కెండ్రా కొన్నాళ్లు వాళ్లనూ వీళ్లనూ బతిమాలుకుని వెళ్లింది, తర్వాత మానేసింది. ఇప్పుడు తలుపేసుకుని పడుకుంటోంది, పిలిస్తే పలకదు.

రాయికి తెర తీసినరోజు బ్యాండు వాయించారు, కోడి వేపుడు పెట్టారు. డారెల్ పేరు నిజంగానే పైనుంది. వెర్నా తడిమి తడిమి ఏడ్చింది. చెయ్యి కిందికి జారితే నున్నటి రాయి తగిలింది. సగం రాయి ఖాళీ.

"ఇదెందుకు వదిలావు హోబర్టూ?"

"ముందుచూపక్కా. బతికుండగానే చెక్కించుకునే మన సమాధి రాళ్ల మీద పోయే తేదీకి చోటు వదలమూ? అలాగే."

"నా కూతురి కోసమా? వ్యానుకి చాలని సొమ్ము దాని పేరు చెక్కడానికి మాత్రం చాలిందన్నమాట."

హోబర్ట్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. తర్వాత జాలిగా, కారు లేదు కదా, ఇంటిదాకా దింపుతాను రమ్మన్నాడు.

"నన్నొద్దు. రేపు పొద్దున దాన్ని క్లినిక్కుకి దింపు."

"రేపు పొద్దున మీటింగుందక్కా," అన్నాడు.