దూలం మీది పడుగులు

గుడియాత్తం ఆసుపత్రి వరండాలో కాశి పడుకుని ఉన్నాడు, ఇక లేవడు. బతికున్నప్పుడు ఆయన నేసిన లుంగీలు ముడేసుకుంటూ పోతే రైలుకంటే ముందు బెంగుళూరు చేరేవని వీధిలో చెప్పుకునేవాళ్ళు. అంతటి మనిషికి ఆ రోజు కప్పింది ఆసుపత్రి దుప్పటి, అదీ చిరుగులది.

"తొళిల్ ఎన్నమ్మా? ఏం పని చేస్తా ఉన్నాడు?" హెడ్ కానిస్టేబుల్ రంగనాథన్ కాశి పెళ్ళాం కుప్పమ్మను అడిగాడు.

"నేతప్పా."

"పోయిన నెలంతా కాట్పాడిలో కట్టడం పనికి పోయినాడంట గదా?"

"పేకకు నూలు కొనలేక పోయినాడు నాయనా. మగ్గం ఇంట్లోనే ఉండాది. దాని మీద పడుగూ ఉండాది."

"మగ్గం ఉంటే చాలదమ్మా. సిమెంటు మోసినాడు. కూలి అని రాస్తా. ఎందుకు చచ్చినాడు?"

కుప్పమ్మ నోరు తెరిచేలోగా వీధి పెద్ద సుబ్బరాయులు ముందుకొచ్చాడు. "కడుపునొప్పి సార్. తాళలేక ప్రాణం తీసుకున్నాడు."

రంగనాథన్ తల ఎత్తకుండా రాసుకున్నాడు. కాశితో కలిసి పనిచేసిన తాపీ మేస్త్రి ముత్తు గోడకు ఆనుకుని అంతా చూస్తున్నాడు.

సుబ్బరాయులు చెడ్డవాడు కాదు. ఆకలి అని చెబితే నేరం నూలు అప్పుకిచ్చే షావుకారు మీదికి, మొదలాళి మీదికి పోతుంది. ఆయన మరునాడే వీధి మొత్తానికీ నూలు ఆపేస్తాడు. అందుకే ఆ వీధిలో ప్రాణం తీసుకున్న మగవాళ్ళందరూ లెక్కలో ఒకే రోగంతో పోయేవాళ్ళు. ఢిల్లీలో ఎగుమతులకు కొత్త తలుపులు తెరిచారట, నూలంతా ఓడలెక్కి పోతోంది, ధర మబ్బుల మీద కూర్చుంది. ఆ గాలి గుడియాత్తం చేరేసరికి కడుపునొప్పి అయింది.

తమ్ముళ్ళారా, ఆ వీధి కట్టుబాటు ఒకటి మీకు చెప్పాలి. నేతగాడు ముసలితనంతో పోతే మగ్గం మీద మిగిలిన పడుగును కొడుకు నేసి ముగిస్తాడు. తనంతట తాను పోతే మాత్రం ఆ దారాలను ఎవరూ ముట్టరు. కోసి, మూటగట్టి, ఇంటి దూలం మీద పెడతారు. ఆ నూలును మొదలాళి కూడా తిరిగి అడగడు. ఎవరి దూలం మీద మూట ఉందో వీధికంతా తెలుసు. ఎవరూ తలెత్తి చూడరు.

కాశిని పూడ్చాక కుప్పమ్మ కూడా ఒక మూట కట్టింది.

సమాధి మీద మూడోనాటి పాలు పోసి తిరిగొచ్చేసరికి వేలూరు నుంచి నేత సంఘం ఇందుమతి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. వీధంతా చేరింది.

"నూలు ధర తగ్గించండయ్యా, మనుషులు చస్తా ఉండారు అని పెద్దాఫీసరును అడిగితిమి. నేతగాళ్ళు ఎవరూ చావలేదే, మా లెక్కలో ఒక్కరూ లేరే అన్నాడు. ఆ లెక్కే మద్రాసుకు పోతాది, ఆడనుంచి ఢిల్లీకి."

"అట్లయితే నా మొగుడు యాడికి పోయినాడు?" అంది కుప్పమ్మ.

"కూలీల లెక్కలోకి అక్కా. కడుపునొప్పి లెక్కలోకి."

"అది మనం చెప్పిందే గదా," అన్నాడు సుబ్బరాయులు. "నిజం చెప్పి నూలు పోగొట్టుకుందామా?"

బీడీలు చుట్టి బతికే పుష్పవతి మెల్లగా లేచింది. ఆమె మొగుడు పోయి చాలాకాలమైంది. "నా మొగునికి ఏనాడూ కడుపునొప్పి లేదు మామా. రాళ్ళు తిని అరిగించుకునేటోడు. ఆ రాళ్ళు కూడా దొరక్క పోయినాడు."

నవ్వబోయినవాళ్ళ నోళ్ళు సగంలోనే ఆగిపోయాయి.

కుప్పమ్మ లోపలికి పోయి కాశి మూట తెచ్చి వీధిలో పెట్టింది. పుష్పవతి తన మూట దించుకొచ్చింది, పొగచూరి నల్లబడింది. ఒక్కో తలుపే తెరుచుకుంది. అందరికంటే చివర సుబ్బరాయులు ఒక మూటను చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు.

"నా కొడుక్కి గూడా లేదు," అన్నాడు. "కడుపునొప్పి."

మరునాడు పొద్దున, పడుగుకు గంజి పెట్టడానికి సాగదీసినట్టే, ఆ దారాలను వీధిలో సాగదీశారు. ఒకరి పడుగు కొసను ఇంకొకరి పడుగుకు అతుకుతూ పోయారు. ముందు కొస పోలీస్ స్టేషన్ గుమ్మాన్ని తాకినప్పుడు వెనక కొస ఇంకా ఇళ్ళల్లోంచి వస్తూనే ఉంది. ఒడుగత్తూరు బస్సులు నిలిచిపోయాయి. మొదలాళి కారు కూడా.

"నా నూలు రోడ్డుమీద పరుస్తారా?"

"నీదే నాయనా," అంది కుప్పమ్మ. "తీసుకుపో."

మొదలాళి ఆ దారాల వైపు చూశాడు. చెయ్యి చాచలేదు. కారు అద్దం ఎత్తుకుని వెనక్కి తిప్పించుకుపోయాడు.

దారి అడ్డగించినందుకు పోలీసులు దొరికినవాళ్ళను దొరికినట్టు లోపల కూర్చోబెట్టారు. రంగనాథన్ పేర్లు రాయసాగాడు.

"కుప్పమ్మ. పని?"

"నేత."

"పుష్పవతి. నువ్వు బీడీలు గదమ్మా?"

"నేత సార్."

తర్వాత ముత్తు వచ్చాడు. కాట్పాడి పని మానుకుని వచ్చిన మేస్త్రి, పుట్టి బుద్ధెరిగాక మగ్గం ముట్టనివాడు.

"పని?"

"నేత."

"ఏమప్పా, ఆటలాడతా ఉండావా? నీ చేతుల నిండా సిమెంటు ఉండాదే?"

"కాశి చేతులకు గూడా ఉన్నింది సార్."

రంగనాథన్ కలం ఆగింది. గుమ్మం దగ్గర సుబ్బరాయులు పడుగు కొసను వదలకుండా పట్టుకుని ఉన్నాడు. ఆయన వెనక, దారం పొడవునా, వీధి.

"రాయప్పా," అంది కుప్పమ్మ. "నిదానంగా రాయి. శానామంది ఉండారు."