వెనక సైకిలు

రెంటచింతల దాటేసరికే బాలకోటయ్య మోకాళ్ళు పట్టేశాయి. అయినా తొక్కుతూనే ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. బండలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. దగ్గితే క్వారీ దుమ్మంతా ఇంకా లోపలే ఉన్నట్టు గరగరమంటుంది. వెనక సైకిలు మీద బ్రహ్మాజీ ఉన్నాడంటే మాత్రం అతనికి కొండంత ధైర్యం.

క్వారీలో ఇద్దరు కలిసి బండ మోస్తే, బలం తక్కువవాడు ముందు నడుస్తాడు. వెనకవాడు ఆ అడుగులో అడుగేస్తాడు. ముందువాడు తల తిప్పకూడదు. తిప్పాడా, బండ జారి కాళ్ళ మీద పడుద్ది. వాళ్ళిద్దరూ వయసంతా అట్లాగే మోశారు. ముందెప్పుడూ బాలకోటయ్యే. సైకిళ్ళ మీద శ్రీశైలం పోవాలని పడుచుతనంలో అనుకున్నారు. ఏటా ఏదో ఒకటి అడ్డం పడేది. బస్సులో పోతే ఎప్పుడో పోయొచ్చుండేవాళ్ళు, కానీ అది వాళ్ళ కంటికి ఆనలేదు. మిషన్లొచ్చి ఇంటికి పంపేశాక ఇన్నాళ్ళకు తీరికైంది.

తెల్లారగట్ల గురజాలలో బాలకోటయ్య మహా ఉషారుగా బయల్దేరాడు. బ్రహ్మాజీ గదమాయించాడు. మాట్లాడుతూ తొక్కగలిగినంతే మన వేగమన్నాడు, ఆయాసమొస్తే తగ్గించమన్నాడు. నా కోసం ఎంత ఓర్పు పడుతున్నాడో అని బాలకోటయ్య మురిసిపోయాడు, కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

మాచర్లలో టీ తాగుతూ మనసులో మాట బయటపెట్టాడు.

"ఇయ్యాల నువ్వు ముందు తొక్కు బావా. ఒక్కసారన్నా నీ వెనక రావాలనుంది."

"నువ్వే పోరా. నీ వేగం నాకు బాగుంది."

ఊరు దాటాక ఎత్తు మొదలైంది. వెనక నుంచి "నిదానం, నిదానం" అని వినబడుతూనే ఉంది. తర్వాత గొలుసు చప్పుడొకటే వినబడింది. తర్వాత అదీ ఆగిపోయింది. పాత అలవాటు, బాలకోటయ్య తల తిప్పలేదు. గట్టెక్కాక దూరంగా నల్లమల నీలంగా కనబడింది. అదిగో బావా అన్నాడు.

తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. వెనక్కి తొక్కాడు. మలుపులో తుమ్మచెట్టుకు ఆనుకుని బ్రహ్మాజీ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆ తర్వాత బ్రహ్మాజీ భార్య కోటమ్మకు చేశాడు. గుండె బాగాలేదని డాక్టరు ముందే చెప్పాడట. బాలకోటయ్యకు తెలిస్తే ప్రయాణం మానేస్తాడని బ్రహ్మాజీ ఎవర్నీ చెప్పనీయలేదట.

"'వాడి వెనకైతే పోగలనే' అన్నాడన్నయ్యా," అంది కోటమ్మ.

పొద్దున్నుంచీ ఆ నిదానం ఎవరి కోసమో బాలకోటయ్యకు అప్పుడర్థమైంది. ఒక్క మలుపులో తల తిప్పి ఉంటే చాలు గదా అని గుండెలు బాదుకున్నాడు. అంబులెన్సొచ్చి బ్రహ్మాజీని ఎక్కించుకుంది. బాలకోటయ్య కూడా ఎక్కబోతూ ఆగాడు.

చెట్టు మొదట్లో, పరిచిన కాగితం మీద, ఒలిచిన బత్తాయి సగం ఉంది. బాలకోటయ్య కోసం ఉంచిన వాటా, ఇంకా తడి ఆరలేదు.